కలము మాది, పేరు వారిది

వ్యాకరణం చెప్పి బ్రతికినవాడికి నామవాచకం మీద మమకారం ఎక్కువ. సంజ్ఞావాచకమనీ, జాతివాచకమనీ నల్లబల్ల మీద ఎన్ని వేలసార్లు రాసి చెరిపానో లెక్క లేదు. రాముడు సంజ్ఞ, బాలుడు జాతి. గోదావరి సంజ్ఞ, నది జాతి. పిల్లలకు ఇది అయిదు నిమిషాల పాఠం. ట్రేడ్‌మార్కు లాయర్లకు మాత్రం ఇదొక జీవితకాలపు వ్యాజ్యమని నాకు చాలా ఆలస్యంగా తెలిసినది.

వారి వ్యాకరణం మన వ్యాకరణం వంటిది కాదు. వ్యాపార నామాన్ని నామవాచకంగా వాడరాదట, విశేషణంగానే వాడాలట! మన ఊళ్ళలో ప్రతి వీధి మొగను 'జిరాక్సు' అని బల్ల కట్టి ఉంటుంది. ఆ కొట్టులో ఉన్నది ఏ కంపెనీ యంత్రమైనా సరే, మనకది జిరాక్సే. 'ఒక జిరాక్సు తీయి నాయనా' అంటాం. సంజ్ఞ కాస్తా జాతిలో కలిసిపోయింది. భాష తెలిసినవాడికి ఇది పదానికి పట్టిన అదృష్టం. పేరు గలవారికి ఇదే మృత్యుభయం. ఆస్పిరిన్ అన్న పేరు మీద హక్కు అమెరికాలో 1921లో పోయినది. ఎస్కలేటరు 1950లో పోయినది. థర్మాసు 1963లో జాతివాచకమని కోర్టే తేల్చినది. అందుచేత పెద్ద కంపెనీలు తమ పేర్లకు కాపలా కాస్తూ ఉంటాయి. కాపలా కాయడం తప్పు కాదు. అయితే ఆ కాపలాదారుడి కర్ర ఎవరి వీపు మీద పడుతున్నది అన్నదే ఈ వ్యాసానికి ప్రశ్న.

ముందుగా పేరు గలవారి పక్షాన చెప్పవలసిన మాట చెప్పుకుందాం. కంసాలి తన ముద్ర వేసి నగ ఇస్తాడు. ఆ ముద్ర చూసి మనం నమ్ముతాం. ఇంకొకడు అదే ముద్ర దొంగతనంగా చెక్కి, ఇత్తడికి పూతపూసి అమ్మితే, కంసాలి పరువూ పోతుంది, మన డబ్బూ పోతుంది. ఈ రెండు నష్టాలనూ ఆపడానికి పుట్టినదే ట్రేడ్‌మార్కు చట్టం. దానిని నేను మనసా సమర్థిస్తాను. కాని కంసాలి అమ్మిన అసలైన నగను నేను ఇరవై ఏళ్ళు వాడుకొని, అవసరం వచ్చి మరొకరికి అమ్ముతూ, 'ఇది ఫలానా కంసాలి చేసినది' అని చెప్పుకుంటే, అది నిజమే కదా! నిజం చెప్పడానికి కంసాలి అనుమతి కావాలా?

అక్కరలేదని ధర్మశాస్త్రం ఎన్నడో చెప్పినది. అమెరికా సుప్రీంకోర్టులో హోమ్స్ అనే న్యాయమూర్తి 1924లో, కోటీ అత్తరు వ్యాజ్యంలో, ప్రజలను మోసగించకుండా సత్యం చెప్పడానికి ఒక పేరును వాడుకుంటే, ఆ వాడుకను నిషేధించేటంత పావిత్ర్యం ఆ పేరుకు లేదన్న అర్థం వచ్చేటట్లు తీర్పు రాశారు. మన దేశంలో 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం, 30వ సెక్షనులో, న్యాయంగా కొన్న సరుకును తిరిగి అమ్ముకోవడం హక్కుల ఉల్లంఘన కాదని చెప్పినది. సరుకును మార్చివేసినా, చెడగొట్టినా ఆ రక్షణ వర్తించకపోవచ్చునని కూడా అక్కడే ఉన్నది. శాంసంగ్ ప్రింటర్ల వ్యవహారంలో ఢిల్లీ హైకోర్టు ద్విసభ్య ధర్మాసనం 2012లో మరొక అడుగు ముందుకు వేసి, విదేశంలో న్యాయంగా కొని తెచ్చిన అసలు సరుకును కూడా ఇక్కడ అమ్ముకోవచ్చునన్నది. అయితే తయారీదారుడి పూచీ దీనికి లేదని కొనుగోలుదారుకు స్పష్టంగా తెలియజేయాలన్నది. ఎంత సమంజసమైన మాట! సరుకు అమ్ముకో, కాని నిజం చెప్పు. ఒక్క వాక్యంలో ధర్మమంతా ఇమిడిపోయినది.

మరి ధర్మం ఇంత స్పష్టంగా ఉండగా చిక్కు ఎక్కడ వచ్చినది? వేలంపాట కంప్యూటరులోకి వెళ్ళినప్పుడు వచ్చినది.

మన చిన్నతనంలో వేలం అంటే తప్పెట మోగేది. సర్కారువారి పాట అని ఒకడు కేక వేసేవాడు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని చెప్పి, పాట కొట్టివేసేవారు. సరుకు కళ్ళ ముందు ఉండేది. అమ్మేవాడు, కొనేవాడు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. 1995లో అమెరికాలో పియెర్ ఒమిడ్యార్ అనే ఆయన ఈబే అంగడిని మొదలుపెట్టినప్పుడు, అక్కడ తొలుత అమ్ముడుపోయిన వస్తువు ఒక విరిగిన లేజరు పాయింటరు అని చెబుతారు. ధర 14 డాలర్ల 83 సెంట్లు. విరిగినదని చెప్పే అమ్మారు, విరిగినదని తెలిసే కొన్నారు. ఆ అంగడి అందమంతా అందులోనే ఉన్నది. ఇంట్లో మూలన పడి ఉన్నది ఎవరికో ఎక్కడో కావలసినదే అవుతుంది.

కాని ముఖాలు కనబడని చోట దొంగసరుకు కూడా చేరుతుంది. టిఫానీ అనే నగల కంపెనీ 2004లో ఈబే మీద అమెరికాలో దావా వేసినది. తామే తమ పేరున్న వెండి నగలు కొని పరీక్షించుకోగా, నూటికి 73 నకిలీవని వారి వాదన. ఆ లెక్క కట్టిన పద్ధతిలో లోపాలున్నాయని కోర్టు అన్నది గాని, నకిలీలు గణనీయంగా ఉన్న మాట వాస్తవమేనని ఒప్పుకున్నది. టిఫానీ వారు మరొక కోరిక కూడా కోరారు: ఎవరైనా ఒకేసారి అయిదు లేక అంతకు మించి తమ నగలు అమ్మకానికి పెడితే, వాటిని అసలు రానివ్వకూడదని. అయిదు ఉన్నవాడల్లా దొంగ అన్నమాట! అమ్మమ్మ పెట్టెలో ఆరు ఉంటే? కోర్టు ఆ లెక్కను అంగీకరించలేదు. 2008 జూలైలో ఈబే గెలిచినది. 2010 ఏప్రిల్‌లో పై కోర్టు ట్రేడ్‌మార్కు విషయంలో ఆ తీర్పును నిలబెట్టినది. నకిలీలు ఎక్కడో ఉన్నాయన్న సామాన్య జ్ఞానం చాలదు; ఈ వస్తువు నకిలీ అన్న నిర్దిష్టమైన సమాచారం అందిన తరువాత ఊరుకుంటేనే అంగడివాడు దోషి అని ఆ తీర్పు సారం.

వినడానికి న్యాయంగానే ఉన్నది. కాని ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఆ కోర్టులో వాది ఎవరు? నగల కంపెనీ. ప్రతివాది ఎవరు? అంగడి యజమాని. అమ్ముకునే చిన్నవాడు ఆ గదిలో లేడు. తీర్పు వచ్చిన తరువాత అంగడి యజమానికి క్షేమమైన మార్గం ఏది? ఫిర్యాదు వచ్చినదే తడవుగా సరుకు తీసివేయడం. తీసివేస్తే కంపెనీ దావా వేయదు. అమ్మేవాడా? వాడేమి చేయగలడు! ఈబే వారు ఇందుకోసం 'వీరో' అనే ఏర్పాటు అప్పటికే నడుపుతున్నారు. పేరు గలవారు ఒక పత్రం నింపి, ఈ వస్తువు మా హక్కుకు భంగమని నమ్ముతున్నామని సంతకం పెట్టి పంపితే, చాలామటుకు 24 గంటల లోపల ఆ వస్తువు కనబడకుండా పోతుందని ఆ వ్యాజ్యపు రికార్డులోనే ఉన్నది. అటువంటి ఫిర్యాదులు కొన్ని కూడితే అమ్మేవాడి అకౌంటే మూతపడుతుంది.

ఈ సంగతి నాకు పుస్తకాల ద్వారా తెలియలేదు. మా పాఠశాలలో డ్రాయింగు మాస్టారు ఒకరు ఉండేవారు. నాకంటే పెద్దవారు, 2010లో రిటైరయ్యారు. వారి నాన్నగారు రాజమండ్రిలో ప్లీడరు. మా ఊరు రత్నం పెన్నుల ఊరు కదా, కలాల మీద మోజు ఆ గాలిలోనే ఉన్నది. ప్లీడరుగారు పోయిన తరువాత ఆయన బల్ల సొరుగులో ఏడు విదేశీ కలాలు, ఒక రత్నం పెన్ను మిగిలాయి. 2012లో మాస్టారి భార్యకు కంటి శస్త్రచికిత్స అవసరమైనప్పుడు, రత్నం పెన్ను తన దగ్గర ఉంచుకొని, తక్కిన ఏడింటినీ అమ్మదలచారు. పట్నంలో ఉన్న వారి అబ్బాయి వచ్చి, ఒక కంప్యూటరు అంగడిలో వాటిని వేలానికి పెట్టాడు. అంగడి పేరూ, కలం కంపెనీ పేరూ ఇక్కడ అవసరం లేదు.

వర్ణన మాత్రం మాస్టారే స్వయంగా చెప్పి రాయించారు. చిత్రకారుడి కన్ను కదా! మూత మీద రెండు గీతలున్నాయి, పాళీ కొంచెం ఎడమకు ఒరిగినది, సిరా గొట్టం మార్చవలసి ఉంటుంది అని ఉన్న దోషాలన్నీ ఏకరువు పెట్టారు. 'ఇన్ని చెబితే ఎవరు కొంటారు మాస్టారూ?' అంటే, 'చెప్పకుండా అమ్మితే రాత్రి నిద్ర ఎవరు పోతారండీ?' అన్నారు. అయినా వాటిలో మంచి కలానికి పాట 2,600 రూపాయల దాకా వచ్చినది. అయిదవ రోజున ఆ కలం మాయమైనది. మరునాడు తక్కిన ఆరూ మాయమయ్యాయి. ఒక ఈమెయిలు వచ్చినది.

దానిని అబ్బాయి కాగితం మీద అచ్చు తీసి ఇచ్చి వెళ్ళాడు. మాస్టారు నా దగ్గరకు తెచ్చారు. ఇంగ్లీషులో ఉన్నది. హక్కుదారుల నుండి ఫిర్యాదు అందినదనీ, వస్తువు నకిలీ అయి ఉండవచ్చునని తెలుపబడినదనీ, అమ్మకం తొలగించబడినదనీ, మళ్ళీ ఇటువంటిది జరిగితే ఖాతా నిలిపివేయబడుననీ సారాంశం. నేను భాషాధ్యాపకుణ్ణి గనుక నా కన్ను ముందు వాక్యనిర్మాణం మీద పడినది. లేఖ పొడుగునా ఒక్క కర్త లేడు! అంతా కర్మణి ప్రయోగమే. తెలుపబడినది, ఎవరిచేత? తొలగించబడినది, ఎవరు తొలగించారు? కలాన్ని ఎవరు చూశారు, ఎక్కడ చూశారు, ఏ గుర్తును బట్టి నకిలీ అన్నారు? ఆ ప్రశ్నలన్నింటినీ 'బడు' ధాతువు మింగివేసినది. ఆ 'బడు' ప్రయోగం తెలుగుకు సహజం కాదని పిల్లలకు చెబుతూ ఉండేవాణ్ణి. అది న్యాయానికి కూడా సహజం కాదని ఆనాడు బోధపడినది.

మాస్టారు అడిగిన ప్రశ్న ఒకటే. 'పంతులుగారూ, నాకు ఒక్క సంగతి చెప్పండి. వీళ్ళు కలాన్ని దొంగదన్నారా, నన్ను దొంగ అన్నారా?'

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇద్దరం కూర్చొని, నేను తెలుగులో చెప్పగా వారి అబ్బాయి ఇంగ్లీషులో మార్చి, రెండు ఉత్తరాలు పంపాము. మూడు వారాల తరువాత ఒక ముద్రిత సమాధానం వచ్చినది: కొనుగోలు బిల్లు పంపవలెనట. ఆ కలం 1958లో మదరాసులో కొన్నది. బిల్లు ఎక్కడ ఉంటుంది? అయితే ప్లీడరుగారు దినచర్య రాసే అలవాటు ఉన్నవారు. ఆ ఏటి పుస్తకంలో, కలం కొన్న రోజు, కొట్టు ఉన్న వీధి, ఇచ్చిన పైకం, చక్కని గొలుసుకట్టు తెలుగులో రాసి ఉన్నవి. ఆ పుటను ఫొటో తీసి పంపాము. సమాధానంగా మొదటి ఉత్తరమే, అక్షరం పొల్లు పోకుండా, మళ్ళీ వచ్చినది. తెలుగు చదవగలిగినవారు అక్కడ ఉన్నారో లేదో! ఉన్నా, చదవడం వారి పని కాదు కాబోలు.

తరువాత కథ క్లుప్తం. కాకినాడ నుండి కలాల మీద అభిరుచి ఉన్న ఒక వైద్యుడు వచ్చి, కలం మూత విప్పి చూసి, కాగితం మీద రెండు గీతలు గీసి, అది అసలైనదేనని క్షణంలో చెప్పి ఏడూ కొనుక్కొని వెళ్ళారు, పాటలో పలికిన దానికంటే తక్కువకు. శస్త్రచికిత్స జరిగినది. డబ్బు నష్టం పెద్దది కాదు. కాని మాస్టారు ఆ ఉత్తరాన్ని చాలాకాలం చొక్కా జేబులో పెట్టుకొని తిరిగారు. ముప్పై ఏళ్ళు పిల్లల బొమ్మల మీద 'ఇది చూసి గీసినది, ఇది స్వంతంగా గీసినది' అని తేడా రాసిన మనిషిని నకిలీ సరుకువాడు అన్నారు. ఆ మాట అన్నవాడికి పేరు లేదు, ముఖం లేదు, చిరునామా లేదు.

మన చట్టంలో 142వ సెక్షను ఒకటి ఉన్నది. ట్రేడ్‌మార్కు పేరు చెప్పి నిరాధారంగా దావా బెదిరింపులు చేస్తే, బాధితుడే ఎదురు దావా వేసి, ఆ బెదిరింపులు ఆపించుకోవచ్చును, నష్టపరిహారమూ అడగవచ్చును. ప్లీడరుగారు బ్రతికి ఉంటే ఆ సెక్షను చదివి సంతోషించేవారేమో. కాని 2,600 రూపాయల కలానికి ఎవరు కోర్టుకెక్కుతారు? అంతకంటే చిత్రం, ఇక్కడ బెదిరించవలసిన అవసరమే రాలేదు. దావా లేకుండా, విచారణ లేకుండా, శిక్ష ముందే అమలైపోయినది.

ఎక్కినవారు కూడా ఉన్నారు. అమెరికాలో కొలరాడో రాష్ట్రంలో ఒక దంపతులు ఇంటి నుండి బొమ్మల గుడ్డలు ఈబేలో అమ్ముకునేవారు. బెట్టీ బూప్ అనే కార్టూను బొమ్మను, ఎర్టే అనే చిత్రకారుడి ప్రసిద్ధ చిత్రాన్ని అనుకరించే భంగిమలో అచ్చు వేసిన గుడ్డ అది. హక్కుదారుల ప్రతినిధులు కనెక్టికట్ నుండి, కాలిఫోర్నియాలోని ఈబేకు ఫిర్యాదు పంపారు, పాట ఆగిపోయినది. ఇది ట్రేడ్‌మార్కు కాదు, కాపీరైటు వ్యవహారం. అయితే ఫిర్యాదు వెళ్ళిన దారి అదే వీరో దారి. లాయరు లేకుండా తామే వాదించుకుంటూ ఆ దంపతులు స్వరాష్ట్రంలో దావా వేశారు. మా మీద కొలరాడోలో దావా చెల్లదు, మేము ఉత్తరం రాసినది కాలిఫోర్నియాకు అని అవతలివారి వాదం. కింది కోర్టు దానిని ఒప్పుకున్నది. పై కోర్టు 2008 జనవరిలో ఒప్పుకోలేదు. ఆ తీర్పు రాసిన గోర్సచ్, తరువాత 2017లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయ్యారు. బంతిని పలకకు కొట్టేవాడి లక్ష్యం పలక కాదు, బుట్ట అని ఆయన బాస్కెట్‌బాల్ ఉపమానం చెప్పారు. ఉత్తరం ఎక్కడికి రాసినా దెబ్బ ఎవరికి తగలాలని రాశారో చూడాలన్నమాట. తీర్పు తేల్చినది దావా ఎక్కడ వేయవచ్చునన్న సంగతి మాత్రమే. అయినా, ఆ పత్రం వెనుక ఒక కర్త ఉన్నాడనీ, దెబ్బ తిన్నవాడి ఊళ్ళోనే అతణ్ణి నిలబెట్టవచ్చుననీ చెప్పడం సామాన్యమైన మేలు కాదు.

కాపీరైటు విషయంలో అమెరికాలో ఇంకొక వెసులుబాటు ఉన్నది. 1998 నాటి చట్టం ప్రకారం అమ్మేవాడు ప్రతివాద పత్రం ఇవ్వవచ్చును; తెలిసి తెలిసి అబద్ధపు ఫిర్యాదు చేసినవాడు నష్టం చెల్లించుకోవాలి. ట్రేడ్‌మార్కు ఫిర్యాదుకు ఆ చట్టం అటువంటి దారి చూపలేదు. వినడమూ, వినకపోవడమూ అంగడివాడి దయ.

ఐరోపాలో గాలి మరొక వైపు వీచినది. టిఫానీ ఓడిపోవడానికి రెండు వారాల ముందు, 2008 జూన్ 30న, పారిస్ వాణిజ్య న్యాయస్థానం విలాసవస్తువుల సంస్థ ఎల్‌వీఎమ్‌హెచ్‌కు సుమారు 4 కోట్ల యూరోలు చెల్లించమని ఈబేను ఆదేశించినది. అంతేకాదు, డియోర్, గెర్లాన్, జివాన్షీ, కెంజో అత్తర్లను, అసలైనవైనా సరే, అక్కడ అమ్మనివ్వరాదన్నది. తాము ఎంచుకున్న కొట్లలోనే అమ్మాలన్నది ఆ కంపెనీల నియమం. నకిలీల మీద మొదలైన పోరాటం అసలు సరుకు మీదికి ఎంత సులువుగా మళ్ళినదో గమనించండి. పై కోర్టు 2010లో ఆ సొమ్మును బాగా తగ్గించినది. ఉభయులూ 2014లో రాజీపడ్డారు. 2011లో లోరియాల్ వ్యాజ్యంలో ఐరోపా న్యాయస్థానం, ఇంట్లోని వస్తువు అమ్ముకునే మనిషికీ, పదే పదే పెద్దయెత్తున అమ్మే వ్యాపారికీ మధ్య గీత గీసి, ట్రేడ్‌మార్కు హక్కు రెండవవాడి మీదనే నడుస్తుందన్నది. ఈ గీత మంచి గీత. కాని ఫిర్యాదు పత్రంలో ఆ గీత కనబడదు.

మన దేశంలో 2004లో బాజీ డాట్ కామ్‌ను కొని అడుగుపెట్టిన ఈబే ఇండియా, 2017లో ఫ్లిప్‌కార్టు చేతికి వెళ్ళి, 2018లో మూతపడినది. వేలాలు తగ్గినా పద్ధతి పోలేదు. పెద్ద అంగళ్ళన్నింటిలోనూ పేరు గలవారికి ప్రత్యేక ద్వారాలున్నాయి. లేనివారికి ఉన్నది ఆ కర్త లేని ఉత్తరమే.

నేను చట్టానికి శత్రువును కాను. ఉప్పాడ జాందానీకీ, పోచంపల్లి ఇక్కత్తుకూ భౌగోళిక గుర్తింపు ఉన్నది. ఇక్కత్తు డిజైను అచ్చు వేసిన మరమగ్గం గుడ్డను పోచంపల్లి అని అమ్మేవాణ్ణి ఆపవలసినదే. అక్కడ పేరు మగ్గం గుంటలో కూర్చున్నవాడి అన్నం. విచిత్రమేమంటే, ఆ నేతగాడికి కూడా ఈ యంత్రం అంతగా అందదు. పత్రం నింపడానికి మనుషులున్నవాడికే పత్రం పని చేస్తుంది. నకిలీ సరుకు పది పేర్లతో మళ్ళీ లేస్తుంది. మా మాస్టారి వంటివారు ఒక్కసారికే లేచి వెళ్ళిపోతారు. వల పెద్ద చేపకు చిరుగుతుంది, చిన్న చేపకు బిగుస్తుంది.

కావలసినవి మూడే. ఫిర్యాదు చేసినవారి పేరు, వారు నకిలీ అనడానికి కారణం అమ్మేవాడికి తెలియాలి. తొలగించిన తరువాతనైనా అతని మాట ఒక మనిషి చదవాలి, అతని భాషలో. అబద్ధపు ఫిర్యాదుకు కొంత మూల్యం ఉండాలి. అంతవరకు, ఇంట్లోని పాత వస్తువు అమ్ముకునేవారికి నేను చెప్పగలిగినది ఇంతే. అసలైన పేరు చెప్పడానికి సంకోచించకండి. కంపెనీతో మీకు సంబంధం లేదని కూడా చెప్పండి. లోపాలు దాచకండి. మీ వస్తువును మీరే ఫొటో తీయండి. ఉత్తరం వస్తే తలదించుకోకండి; ఎవరు, ఏ కారణం చేత అని తిరిగి రాయండి.

ఆనాడు మాస్టారికి చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు నా దగ్గర ఉన్నది. వాళ్ళు మిమ్మల్ని దొంగ అనలేదు మాస్టారూ, కలాన్నీ అనలేదు. అసలు చూడనే లేదు. చూడకుండా అన్న మాటకు మీరు జేబులో చోటు ఇవ్వనక్కరలేదు.